కాశీనగర్ బ్లాకాఫీసు, మూడో బల్ల

రాత్రి కరెంటు పోతే చాలు
పొద్దున్నకి మా కంప్యూటరు
రెండువేల రెండు, జనవరి ఒకటికి పోయి కూచుంటుంది.
లోపల గుండీబిళ్లంత బ్యాటరీ చచ్చింది.
ఇండెంటు పెట్టి మూడు మార్చినెలలు దాటాయి.
"ఫండ్ నాహిఁ" అంటారు పర్లాకిమిడి నించి.

డబ్బా మూత విప్పి
టేబులు ఫ్యాను దాని కడుపులోకి తిప్పి
తేదీ దిద్ది, టీ తాగొచ్చేసరికి
అదీ లేస్తుంది.

నిన్న దిద్దడం మరిచాను.
సొంబారి రైత కొండ దిగొచ్చింది,
మొగుడి మరణపత్రం కోసం.
చేతికిచ్చాక కనబడింది పై అంచున అంకె.
"తప్పు పడిందమ్మా, ఇలా ఇయ్యి."
ఏం పడిందో చెప్పించుకుని
వేళ్లు మడిచి లెక్కెట్టింది.

"అప్పటికి మాకింకా పెళ్లే అవలేదు బాబూ!"

కొత్తది అచ్చేసి ఇచ్చాను.
పాతది తిరిగివ్వలేదు.
నాలుగు మడతలు పెట్టి
కొంగున ముడేసుకుంది.