అరంగుళం

ఆమదాలవలస స్టేషను బయట
సైకిలు స్టాండు గోడకి చేరబడి నా కొట్టు.
రేకు డబ్బాలో తెల్ల రంగు, రెండు కుంచెలు,
సెలవు అయిపోయిన జవాన్ల నల్ల ట్రంకు పెట్టెలు.

నంబరు, ర్యాంకు, పేరు, పటాలం.
అక్షరానికి ఒకప్పుడు పావలా.
రంగు ఆరేదాకా రైలు ఆగదు గానీ
మనిషి ఆగాలి.
ఆగినంతసేపూ మాట్లాడతాడు.
అలా వచ్చినాయి నాకీ మాటలు,
నేనెప్పుడూ తొక్కని నేలల దుమ్ముతో.

భావనపాడు చల్లయ్య చెప్పినాడు:
"మా రేవులో లంగరంటే పడవని కట్టీసేది.
అక్కడ లంగరంటే వంటిల్లు, మావా.
మొదటి రోజు లంగరుకి ఎల్లమంటే
సముద్రం ఎటేపని అడిగీసినాను."
నవ్వి, కాసేపాగి,
"అదీ నిజమేలే. ఆ మంచు కొండల్లో
నన్ను కొట్టుకుపోకుండా ఆపింది ఆ పప్పూ రొట్టే."

పిట్టూ మొయ్యమంటే
పిట్టని మొయ్యడమెంత పని అనుకున్నాడట
నరసన్నపేట గుంటడొకడు.
వీపు మీద ఇరవై కిలోల మూట అది.
రగడ అంటే మనకి గొడవ,
అక్కడ ఎండలో కంకర మీద పొర్లడం.
మోచేతులు చూపించి అర్థం చెప్పినాడు.

హుకుందార్.
ఈ మాటొక్కటి చాన్నాళ్లు నన్ను తిప్పింది.
హుకుం ఉన్నవాడు కాబోలు,
ఏ నవాబు కొలువులోంచో వచ్చిందనుకున్నాను.
జవాన్లకి పాఠాలు చెప్పే హవల్దారు లొలుగు వైకుంఠం
బీడీ ఆర్పి చెప్పినాడు:
తెల్లదొర కాపలావాడికి నేర్పిన కేకట అది,
"హూ కమ్స్ దేర్", ఎవరక్కడ అని.
చీకట్లో, చలిలో, మన తాతల నోట్లో పడి
అరిగి అరిగి హుకుందార్ అయింది.
అడిగేవాడికీ అర్థం తెలీదు, వచ్చేవాడికీ తెలీదు.
అయినా ఆగేవాడు.
ఆగనివాడి సంగతి వైకుంఠం చెప్పలేదు.

కవాతు అంటే అరబ్బీలో వ్యాకరణమేనట.
నవ్వొచ్చింది నాకు.
ఎనిమిదిలో నేను తప్పింది వ్యాకరణమే.

కవాతు దాకా ఎల్లలేదనుకో.
ఎనభై నాలుగులో విజయనగరం భర్తీకి పోయినాను.
మైలు పరుగులో మూడోవాణ్ని.
గీతలున్న కర్ర కింద నిలబెట్టి
సుబేదారు నా నెత్తి మీద అరచెయ్యి ఆనించి
"ఆధా ఇంచ్" అన్నాడు.
చెయ్యి తీసీసినా ఆ బరువు దిగలేదు.

ఆ వేళ నుంచి ఊళ్లో నా పేరు రంగ్రూట్.
అదీ ఇంగ్లీషు రిక్రూటేనట.
సిపాయి నోట్లో పట్టక నడుం విరిగి,
ఎక్కడిదో రంగు పూసుకుని
రంగ్రూటయింది.
ఇన్ని కుంటి మాటల్ని, పొట్టి మాటల్ని
ఛాతీ కొలవకుండా చేర్చుకుంది పటాలం.

మొన్న మాఘంలో పొందల లోకనాథ్ వచ్చినాడు,
తాత కూర్మయ్య పెట్టె మోసుకుని.
"పాత పేరు గీకీసి నాది రాయి మావా."
ర్యాంకు దగ్గర అగ్నివీర్ అని రాయమన్నాడు.
కొత్త మాట.
ఎవరి నోట్లోనూ ఇంకా అరగలేదు.
నాలుగేళ్లట. అరిగేలోగా
ఈడే తిరిగొచ్చీస్తాడేమో.

గరుకు కాగితం పెట్టి రుద్దినాను.
కూర్మయ్య కింద ఇంకెవరిదో పేరు,
దాని కింద సగం చెరిగిన నంబరు,
దాని కింద ఇనుము.
అక్కడికి ఆపీసి, నల్ల రంగేసి,
పైన తెల్లగా ఈడి పేరు దించినాను.

ఈడి ఎల్ పక్కనే
ముసలోడి కె కాలొకటి
ఇంకా సన్నగా పైకి తేలుతోంది.
"ఇది పోలేదేటి మావా?"

"ఎంతరా, అరంగుళం.
ఉండనీ."

బండి కూసింది.
రంగు ఆరకుండానే పెట్టె భుజానికెత్తుకుని
పరిగెత్తినాడు.
కొత్త చొక్కా మీద తెల్లగా, తిరగేసి,
ఏదో ఒక అక్షరం అంటుకునే ఉంటుంది.