జానెడు నీడ

పోర్ట్ అగస్టా. జనవరి. మధ్యాహ్నం ఒంటిగంట.
వరసకి నూట నలభై సోలార్ పలకలు
దప్పిక తీరనట్టు ఎండని తాగుతున్నాయి.
నా చేతిలో ఉన్నది మాత్రం
ఒక్క గుక్కకే పొలమారింది.

చెడిపోయిన పలక నంబరు చూడాలి.
వెలుతురు గీతని చివరిదాకా లాగాను,
పట్టపగటి మిణుగురు.
చలవద్దాలతో చూస్తూ ఫోన్ అడ్డం తిప్పితే
ఉన్నది కూడా పోయింది, కాటుక పూసినట్టు.

అరచెయ్యి గొడుగు పట్టాను.
వేళ్ల సందుల్లోంచి ఎండ కారింది.
అద్దంలో నేనే:
ముక్కు మీద తెల్లటి క్రీము,
చెంపల మీద ఉప్పు చారలు,
చెవి పక్కన ఎక్కడో చాలా ఎత్తులో ఒక గద్ద.

టలీసా వచ్చింది. ఏమని అడగలేదు.
సూర్యుడికి వీపు పెట్టి నిలబడింది.
ఆరడుగుల మనిషికి కూడా
ఈ వేళప్పుడు జానెడే నీడ.
నవ్వి, వంగింది.
ఒక టోపీ అంచు కింద రెండు తలలు,
ఆమె ఊపిరిలో నారింజ వాసన.

"ఏడు, సున్నా... మూడా, ఎనిమిదా?"
"మూడు."

మళ్ళీ వెతుక్కోవడం ఎందుకని
తెల్ల గ్లవ్ మీద మార్కరుతో రాసుకున్నాను.
దీనికి ఎండ ఎంత పడితే అంత మంచిది.

నాలుగో వరస చేరేసరికి
చెమటకి మూడు కాస్త అలికింది.