జిగురు గీకేవాడు

జనవరి. హార్స్టాడ్‌లో సూర్యుడు సెలవు మీదున్నాడు.
మధ్యాహ్నం మూడింటికే హాలు దీపాలన్నీ వేస్తాను.
నా పని నేల.
హ్యాండ్‌బాల్ పిల్లలు వేళ్లకు పూసుకునే జిగురు
చెక్క మీద నల్లటి చుక్కలై మిగులుతుంది.
మోకాళ్ల మీద కూర్చుని
రేకుబిళ్లతో ఒక్కొక్కటీ గీకుతాను.

గున్‌వర్ వస్తుంది. ఈల వేయదు.
బంతుల సంచి విప్పకముందే
పదిహేను నిమిషాలు గెంతిస్తుంది, దింపుతుంది.
"ఇంకోసారి. నాకు వినపడకూడదు."
"ఇడున్, మోకాలు లోపలికి వాలుతోంది!
పాదం ఎటు చూస్తే అదీ అటే చూడాలి.
ఆ రెండూ పోట్లాడుకుంటే పడేది నువ్వు."
బంతెప్పుడు, బంతెప్పుడు అని
పిల్లలు గొణుగుతారు.

అక్టోబరులో వీళ్లు దిగుతుంటే
లారీలోంచి బంగాళాదుంప బస్తాలు
దించుతున్నట్టుండేది.
ఇప్పుడు కళ్లు మూసుకుని వింటాను:
పైకప్పు మీంచి మంచు జారినంత.
ఒక్కోసారి అదీ లేదు.

పదకొండేళ్ల కిందట ఇదే హాల్లో
ఒక చప్పుడు విన్నాను.
పెద్దదేం కాదు,
పచ్చి క్యారెట్ విరిచినంత.
ఆట వెంటనే ఆగలేదు, బంతి ఇంకా గాల్లోనే ఉంది.
పదిహేడేళ్ల గున్‌వర్ మాత్రం నేల మీద
మోకాలు పట్టుకుని, అరవకుండా,
ఏదో ఎక్కడో పెట్టి మరిచిపోయినదానిలా చూస్తోంది.

ఆ వారం నాకు జ్వరం. జిగురు గీకలేదు.
ఆమె తిరిగింది.
బూటు తిరగలేదు.

"మోకాలికీ బట్టతలకీ ముడి పెట్టకు, హాల్వర్"
అని నవ్వుతాడు బస్సు నడిపే మా తమ్ముడు.
బట్టతల నాదే మరి.
ముడి ఉంది.
రాత్రి పదిన్నరకి ఖాళీ హాల్లో
దాన్నే గీకుతుంటాను.

కిందటేడు ఆమెకు చెప్పేశాను.
చాలాసేపు బూటు లేసులు కట్టుకుంది.
"నేల సంగతి సరే,
దిగడం కూడా ఒక విద్యని
అప్పుడు నాకెవరూ చెప్పలేదు" అంది.
లేచి వెళుతూ
"ఆ మూల ఇంకో చుక్కుంది, చూడు" అంది.

మార్చిలో ట్రోమ్సోలో పోటీ.
నీళ్ల సీసాలు మోయడానికి నేనూ వెళ్లాను.
చివరి నిమిషంలో ఇడున్ లేచింది,
ఇద్దరి మధ్య గాల్లోనే మెలి తిరిగి
బంతి విసిరి, దిగింది.
బంతి స్తంభానికి తగిలి బయటికి పోయింది.
ఎవరు చప్పట్లు కొడతారు?
నేనొక్కణ్ణే కొట్టాను; పక్కావిడ వింతగా చూసింది.

రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం.
పిల్లలు ఏడుస్తూ, తిట్టుకుంటూ, చిప్స్ పంచుకుంటూ
వరసగా బస్సెక్కారు.
తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను.
తలలు కాదు.
ఇరవై ఎనిమిది.
గున్‌వర్‌వి వేరే లెక్క.