నీళ్ళు వదిలే వేళ

ముప్పై ఒక్క ఏళ్ళు పెదగదిలికి నీళ్ళు వదిలాను.
తెల్లారగట్ల నాలుగున్నరకి, భుజాన ఇనప తాళం,
రోడ్డు మధ్య గుంతలోకి వంగి
పదమూడు చుట్లు.
ఆ చుట్లే తినేశాయంటారు నా నడుముని.

ఇప్పుడు కేజీహెచ్‌లో, వెన్నులో నాలుగు స్క్రూలతో,
మంచం అంచుకి వేలాడే సంచీలోకి
నన్నడక్కుండా పోతున్నాయి నా నీళ్ళు.
ఎవరో తెరిచి మరిచిపోయిన లైను.

పెద్ద డాక్టరు: నడిచాక తీద్దాం.
చిన్న డాక్టరమ్మ: తీస్తేనే నడుస్తాడు సార్.
నా గురించే, నా తల మీదుగా.

పక్క మంచం మైలపల్లి ఎర్రయ్యకి గొట్టం పెట్టి అయిదో రోజు.
రాత్రి చలిజ్వరం.
దుప్పటి కింద తెప్పలా ఊగాడు.
పొద్దున్న పెద్దాయన ఆ చార్టు ముందు
కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు.
నా చార్టు మీద ఏదో గీసి వెళ్ళిపోయాడు.

ఎస్తేరు సిస్టరు వచ్చింది.
"ఊపిరి పీల్చి వదులు, బాబూ."
ఒక్క మంట. సంచీ పట్టుకుని పోతూ, గుమ్మంలోంచి
"ఒంటిగంటలోగా ఒంటికి ఎల్లాల.
లేపోతే మళ్ళీ పెట్టీడమే."

ఎన్ని వీధుల్ని కాయించానో ఇలా!
బిందెలు వరసకట్టి, కుళాయి మూతికి చెవి ఆనించి
"వచ్చేయేటే?" "ఇంకా లేదే."
ఆ వరసలో నేనెప్పుడూ నిలబడలేదు.

ఎనిమిది. తొమ్మిదిన్నర.
నీళ్ళు తాగాను, మళ్ళీ తాగాను.
పొత్తికడుపు రాయి. తాళం తిరగదు.
పదమూడు దాకా లెక్కపెట్టాను, రెండుసార్లు.
కిటికీలో చారెడు సముద్రం.
అంత నీరుండీ ఒక్క చుక్క మాటసాయం చెయ్యదు.

పన్నెండుకి నడుముకి బెల్టు బిగించి
ముందు వాకరు, పక్కన బామ్మర్ది సన్నాసిరావు,
పద్దెనిమిది అడుగులు. ఒక్కోటి ఒక్కో వీధి.
వాడు బాత్రూంలో కుళాయి తిప్పి బయట నిలబడ్డాడు.

రెండ్రోజులు కట్టేసిన లైను సంగతి నాకు తెలుసు:
ముందు గాలి. తర్వాత దగ్గు.
తర్వాత తుప్పురంగు, మంటమంటగా
తర్వాత

గోడ పట్టుకుని ఉన్నాను చాలాసేపు.
సన్నాసిరావు తలుపు కొట్టి, బావా, అంటే
నోట మాట రాలేదు.

కొలత జగ్గులో రెండు వందల నలభై.
ఎస్తేరు సిస్టరు అంకె రాసుకుంది.
బాగుంది అంది. ఇంకా ఆరు మంచాలున్నాయి ఆమెకి.

ఎర్రయ్య దుప్పట్లోంచి తల బయటపెట్టి
"వచ్చేయేటి?" అన్నాడు.
అతని మంచం కింద సంచీ నిండి ఉంది.
తల ఊపాను,
మెల్లగా,
గొప్ప చెప్పుకున్నట్టు కాకుండా.