చిలుకల కావలి

పొద్దు పొడవకముందే వస్తయి రామచిలుకలు,
రైలు పట్టాల అవతల్నుంచి, గుంపుగ,
రేకుల షెడ్డు మీంచి ఒంగి
పొద్దుతిరుగుడు పూల మీద వాలుతయి.
నేను ఖాళీ నూనెడబ్బా మీద కట్టెతోని కొడుత.
పంటను కాపాడేటందుకు కాదు.
చిలుకల్ని కాపాడేటందుకు.

పదకొండేండ్లు ఈ జాగల్నే పని చేసిన.
లారీలవి, ఆటోలవి, ఇన్వర్టర్లవి
పాత బ్యాటరీలు గొడ్డలితోని పగలగొట్టుడు,
పలకలు ఏరుడు, భట్టీల ఏసుడు.
కరిగిన సీసం
పాల మీగడ లెక్క మడత పడేది.
చూడ సక్కగుండేది, అబద్ధమెందుకు.
యాసిడ్ నీళ్లు గోడ ఎనక పోసేది.
"పొయ్యి ఓదెలూ, భూమి తాగుతది" అనేటోడు సేటు.
తాగింది.
ఎవ్వలకు చెప్పకుంట కడుపుల పెట్టుకున్నది.

ఓ నాడు తెల్లారి చూస్తే షట్టరు.
ఫోను స్విచ్చాఫ్.
రెండు నెలల జీతం నాకు బాకీ,
మిగిలిన బాకీ అంతా మన్నుకు.

మా చిన్నోడు మణికంఠ
నాలుగో ఎక్కం కాడ ఆగిపోయిండు.
నెత్తురు చూసిన డాక్టరు వాణ్ని ఏమడగలే.
నన్నడిగిండు:
"పనిబట్టల మీదనే ఇంటికి పోయేటోనివా?"
పోయేటోన్ని.
పోంగనే ఎత్తుకునేటోన్ని.

హన్మకొండ నుంచి నుస్రత్ అని ఒక పిల్ల వచ్చింది.
జానెడు లోతు నుంచి మన్ను తీసి
కుంకుమపువ్వు లెక్క పొట్లాలు కట్టింది.
నెలకు లెక్క పట్టుకొచ్చింది.
నాకు సమజ్ కాలే.
అప్పుడు కింద కూసొని చెప్పింది:
"ఆవగింజ బరువు తెలుసు గదన్నా,
గసొంటి గింజలు వెయ్యి తూస్తే ఎంతో
ఒక్క కిలో మన్నుల అంత సీసం."

తియ్యాలంటే ఏం జెయ్యాలె?
ఆవాలే చల్లాలన్నది.
నవ్వొచ్చింది నాకు.
పోపుల పడంగనే చిటపటమని ఎగిరే గింజ
ఇంత బరువు ఎట్ల మోస్తది?

కొమురవ్వ అన్నది,
"దిష్టి తీసి ఆవాలు నిప్పుల ఎయ్యమా,
ఇది భూమికి తీసే దిష్టి అనుకో."
అనుకుందామని చూసిన.
కాని దిష్టి పెట్టినోనికి పేరుండది.
ఈ పనికి పేరున్నది, జీతం రసీదున్నది,
దాని మీద నా వేలిముద్ర ఉన్నది.

నడుమ ఆవాలు, గట్ల పొంటి పొద్దుతిరుగుడు,
వాన మన్నును వాగుల కలపకుంట
దిగువన వట్టివేళ్లు.
మొన్న ఆవాలు కోసినం, గింజ గట్టిపడకముందే,
చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ.
కుప్ప పోసి కాంటా పెట్టినం.
ఎనుమాముల మార్కెట్టు కాంటా కాదు.
దళారి లేడు, ధర అడిగినోడు లేడు,
నా బతుకుల తరుగు తియ్యని పంట
ఇదొక్కటే.
డ్రమ్ములల్ల కుక్కి లారీకి ఎక్కించినం.
ఎక్కడనో మూసిన కొలిమిల కాలుస్తరట,
బూడిదను సిమెంటు గుంతల పెట్టి సీలేస్తరట.
గిన్నెలు తోమరాని బూడిద,
పాదుకు ఎయ్యరాని బూడిద.

వెయ్యి గింజలల్ల
నలభై తగ్గినయన్నది నుస్రత్.
ఏడాదికి రెండు పంటలు.
వేళ్ల మీద లెక్క పెట్టిన, పన్నెండేండ్లు దాటుతది.
పదకొండేండ్లు పోసిందానికి
అది పెద్ద వడ్డేం కాదు.
మణికంఠకు చెప్పిన ఈ లెక్క,
వాడు నా వేళ్లు పట్టుకొని
మళ్ల మొదటినుంచి ఎంచబట్టిండు.

ఇయ్యాల పొద్దుగాల
జర కండ్లు మూతపడ్డయి.
లేచి చూస్తే ఒక పూవు సగం ఒలిచి ఉన్నది,
ఒక చిలుక పాలగింజ నోట పట్టి లేచింది.
ఉరికిన దాని ఎనక, చెప్పులు తెగంగ,
"ఇడువే, ఇడువు, నీకు దండం పెడత" అనుకుంట.
కాజీపేట పోయే బండి అడ్డమొచ్చింది.
డబ్బాలు డబ్బాలు, డబ్బాలు డబ్బాలు.
అది పోయినంక
అవతల అంతా పచ్చగనే ఉన్నది.
అందుల ఏది చిలుకో తెలువలే.