మేకు

మాట్లాడే స్వేచ్ఛ గురించి చెప్పబోతూ
ముందు అందరినీ
నోటి మీద వేలు వేసుకోమన్నాను.

ఇరవై మూడు నోళ్లు,
ఇరవై మూడు చూపుడువేళ్లు.
నాకేమీ తేడా అనిపించలేదు.
పద్దెనిమిదేళ్లుగా ఏ పాఠమైనా అట్లే మొదలవుతుంది.

బంగారుపాళ్యం అవతల, గుజ్జు ఫ్యాక్టరీ దారిలో
మా బడి.
కాయల కాలం.
వంతు రాని ట్రాక్టర్లు రెండు రోజులుగా
గేటు బయటే మగ్గిపోతున్నాయి.
కిటికీలోంచి తీపి కుళ్లు వాసన,
ఈగలు,
మూడో తరగతిలో సగం హాజరు.

బోర్డు మీద రాశాను: హక్కు.
ఒకటో తరగతి షబ్రీన్ కూడబలుక్కుంది: "హ...కు."
"కింద ఒత్తు ఉంది చూడు. ఒత్తి పలకాల."

"ఇది మనకెవరిస్తారు?"
"కలెక్టర్!" అన్నాడు చెంగల్రాయుడు.
"మా తోట నిండా కలెక్టర్లే మేడం,
కిలో నాలుగు రూపాయలకి అడగతా ఉండారు!"
వెనక వరసలోంచి ఎవరో.
బడంతా ఒకటే నవ్వు.
నోళ్ల మీది వేళ్లు ఎప్పుడు జారిపోయాయో చూడలేదు.

చీటీలు పంచాను.
పేరు రాయొద్దు. ఎవరినీ బతిమాలకుండా
మీకు దొరకాల్సింది ఒకటి రాయండి.

ఫ్యాను కింద చోటు.
గుడ్డు. పగిలింది కాదు.
మా అవ్వ అరవంలో మాట్లాడితే నవ్వగూడదు.
మాయమ్మ రాత్రి షిఫ్టుకి పోగూడదు.
ఇది హక్కో కాదో నాకూ తెలియలేదు,
పక్కన పెట్టాను.
ఒక చీటీలో అక్షరమే లేదు,
చక్రాలు మాత్రమే ఉన్న ట్రాక్టరు.

చివరిది:
"బాత్రూం తాళం మేడం సంచిలో ఉండాది.
అడిగితే తరవాత అంటాది.
నేను నీళ్లు తాగేది మానేసినా."

తలకట్లు మరిచిపోయే చేతిరాత ఎవరిదో నాకు తెలుసు.
రెండో వరస వైపు చూడలేదు.
చూస్తే గంగోత్రికి తెలిసిపోతుంది.

లారీల మనుషులు రాత్రిళ్లు పాడు చేస్తారని
తాళం వేయించింది నేనే. మంచికే.
ఒక సోమవారం తాళంచెవి చిత్తూరులో
మా ఫ్రిజ్జు మీదే మరిచి వచ్చాను.
ఆరోజు నాలుగింటిదాకా వీళ్లెట్ల ఉన్నారో
ఇప్పటిదాకా అడగలేదు.

మర్నాడు ఒక మేకు తెచ్చాను.
నా భుజం ఎత్తున పెట్టి సుత్తి ఎత్తితే
"మాకందదు" అన్నారు.
కిందికి దించాను.
"ఇంకా."
చివరికి షబ్రీన్‌ని గోడకి ఆనించి
చెయ్యి ఎత్తమని, ఆ వేలి కొసన కొట్టాను.
అంత కిందున్న మేకుని నేనే గోడ మీదా చూడలేదు.

మూడో రోజుకే తాళంచెవి మాయం.
చెంగల్రాయుడి జేబులో ఉంది.
ఉప్పూ కారం అద్దిన మామిడి ముక్క ఒకటిస్తే
తలుపు తీస్తున్నాడట.
నా చెయ్యి అలవాటుగా బెత్తం కోసం వెతికింది.
అంతలోపల గంగోత్రి లేచింది.
చెయ్యెత్తలేదు, నన్నడగలేదు.

"అది మేకుదిరా" అంది.
"నీది గాదు. మేడందీ గాదు. మేకుది."
మళ్లీ కూర్చుని
పలక తుడుచుకోవడం మొదలుపెట్టింది.
బెత్తం ఆ రోజు దొరకలేదు.
గట్టిగా వెతకలేదు కూడా.

యూనిట్ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న:
హక్కు అనగానేమి?
పుస్తకంలో మూడు వాక్యాలున్నాయి.
చెంగల్రాయుడు రాసింది రెండే మాటలు:
హకు అనగా మేకు.

చాలాసేపు ఆ పేపరు ముందు కూర్చున్నాను.
ఒత్తు లేదని అర మార్కు తీసి
మిగతాది వేశాను.

పేపర్లు పంచిన రోజు
వాడు నా బల్ల దగ్గరికి వచ్చాడు.
చేతులు కట్టుకోలేదు.
"అర ఎందుకు తీసినారు మేడం?"

చూపించాను.
నా పెన్నే తీసుకుని
క కింద క
కాగితం చిరిగేంత గట్టిగా ఒత్తి రాసి
అక్కడే నిలబడ్డాడు.