అడ్డం పదకొండు

రాత్రంతా ఓట్లు లెక్కపెట్టి ప్రభుత్వాన్ని దించేశారు.
వీమ్స్ బే రేవులో తెల్లారేసరికి పేపర్లన్నీ ఖాళీ.
కొట్టులో మిగిలింది ఒక్కటే.
దాని ఒక కొస నా చేతిలో,
రెండో కొస టోర్క్విల్ మెకార్కిండేల్ చేతిలో.

నాలుగేళ్ళయింది మేం మాట్లాడుకుని.
అంతకుముందు పదకొండేళ్ళు
ప్రతి శుక్రవారం ఇదే పడవలో, ఒకే కిటికీ దగ్గర
వానని తిట్టుకుంటూ రోత్‌సీ వెళ్ళేవాళ్ళం,
ఆయన పియానోలు శ్రుతి చెయ్యడానికి,
నేను మ్యూజియంలో పాత పటాలకి అతుకులెయ్యడానికి.
పోయిన ఎన్నికలకి ఆయన కోటు మీద ఒక బిళ్ళ మొలిచింది.
నా సంచి మీద వేరే రంగుది.
ఆనాటి నుంచి పడవలో ఆయన కుడి, నేను ఎడమ.
ఓటు దగ్గర మాత్రం సరిగ్గా తలకిందులు.

"వార్తలు మీరు తీసుకోండి, గళ్ళు నాకివ్వండి" అన్నాను.
"వార్తలెవడిక్కావాలి?" అన్నాడు.
కూర్చున్నాం. మధ్యలో పేపరు,
ఒకటే పెన్సిల్, నాది.

ఇవాళ గళ్ళు కూర్చినవాడి మారుపేరు మలుగుచేప.
రాత్రికి రాత్రే అల్లాడో,
ఎప్పుడో అల్లి గాలం వేసుకు కూర్చున్నాడో,
ప్రతి ఆధారమూ నిన్నటి బురదలోంచే జారుతోంది.

దొరగారిని పిలిచి బండి చూపిస్తే పాలన, మూడు గళ్ళు.
"సర్, కారు!" అన్నాడాయన, హోటలు బంట్రోతులా వంగి.
నవ్వకూడదనుకున్నాను.
సర్కారు.

సర్దుబాటు ముందు, తోక తెగిన నామాలు వెనక:
కుర్చీ దిగడం, నాలుగు.
రాజీ. నామా.
"మీవాళ్ళు మాకు పెట్టినవేగా ఆ నామాలు"
అని నాలిక చివరిదాకా వచ్చింది.
పెన్సిల్ కొరికాను. చెక్క రుచి.

టీ తెచ్చిన కుర్రాడు రూరీ భుజం మీంచి తొంగిచూసి
"ఇదంతా దేని గురించి? నేనసలు ఓటే వెయ్యలేదు" అన్నాడు.
ఇద్దరం ఒక్కసారే వాడి మీద పడ్డాం.
నాలుగేళ్ళలో మొదటిసారి ఒకే మాట, ఒకే గొంతు.
వాడు చక్కెర కూడా ఇవ్వకుండా పారిపోయాడు.

నిలువు ఆరు.
కొమ్ము విరిగిన ఓటు, కలిమి తోక పట్టుకుంది. మూడు.
నాకు తెలిసింది.
ఆయనకి నాకన్నా ముందే తెలిసింది.
ఓడింది ఆయన వాళ్ళు.
టవర్డ్ దీపస్తంభం దాటిపోయేదాకా
ఆ మూడు గళ్ళూ తెల్లగానే ఉన్నాయి.
సముద్రకాకి ఒకటి కిటికీకి సమంగా ఎగిరి
మా బద్ధకం చూసి విసుగెత్తి పోయింది.
చివరికి ఆయనే పెన్సిలడిగి
గుండ్రంగా, బడిపిల్లాడి రాతతో రాశాడు.
నేను చూపు నీళ్ళ మీదే ఉంచాను.

ఇక ఒక్కటే. అడ్డం పదకొండు:
నాయకులు చేసేది ఒకటి, జనం పెట్టేది ఒకటి,
తలకాయే తేడా. మూడు.
రెండో గడిలో మ్మ, మూడో గడిలో కం,
నిలువు మాటలు ఇచ్చినవి.
తల గడిని మాత్రం ఏ నిలువు మాటా తాకదు.
అ పెట్టినా కుదురుతుంది, న పెట్టినా కుదురుతుంది.
"ఇది అన్యాయం" అన్నాను. "రెండు జవాబులుండకూడదు."
శ్రుతి కుదరని తీగ విన్నట్టు తల పక్కకి వాల్చి
"అమ్మకమే వేసుకోండి" అన్నాడు, "గెలిచారుగా, అలవాటవుతుంది."
"మీకు అలవాటైందా?"
జవాబు లేదు.
కాసేపటికి, "మొదట్లో కాదు" అన్నాడు.

పడవ రేవు దుంగలకి ఒరుసుకుని మూలిగింది.
గొలుసుల చప్పుడు, కార్ల ఇంజన్లు, తడి తాళ్ళ వాసన.
తల గడి అలాగే వదిలేసి లేచాం.
పేపరు నాకిచ్చాడు, సగం డబ్బులు వద్దన్నాడు.

మెట్ల దగ్గర చూశాను,
నా పెన్సిల్ ఆయన కోటు పైజేబులో ఉంది,
బిళ్ళ తీసేసిన రెండు చిల్లుల పక్కన.
అడగలేదు.